దాక్కోవడానికి చోటుండని కెమిస్ట్రీ క్లాసు

ఇంటర్ రెండేళ్లలో మన పిల్లలు సిలబస్‌లో లేని విద్య ఒకటి నేర్చేసుకుంటారు. లెక్చరర్ కంటపడకుండా కూర్చునే విద్య. సెక్షన్‌లో అరవై డెబ్భై మంది, ముందు స్టడీ మెటీరియల్, వెనక వీకెండ్ టెస్టు. డౌట్ అడిగితే పక్కవాడు నవ్వుతాడేమోనని ఒక భయం, సార్ విసుక్కుంటారేమోనని ఇంకో భయం. డౌట్‌ని అలాగే మింగేసి బిట్టు మాత్రం కరెక్టుగా పెట్టే నేర్పు వచ్చేస్తుంది. ర్యాంకుకు అది చాలు.

ఇదే నేర్పుతో అమెరికాలో ఏదైనా లిబరల్ ఆర్ట్స్ కాలేజీకి కెమిస్ట్రీ చదవడానికి వెళితే మొదటి సెమిస్టర్ గడవకముందే ఇబ్బంది మొదలవుతుంది. అక్కడ ఆర్గానిక్ కెమిస్ట్రీ క్లాసులో ఇరవై ముప్పై మంది ఉంటారు. పై ఏడాదుల్లో కొన్ని కోర్సులకు పదిమంది కూడా ఉండరు. పాఠం చెప్పేదీ, ల్యాబులో పక్కన నిలబడేదీ, పేపర్లు దిద్దేదీ చాలావరకు ఆ ప్రొఫెసరే. రెండు మూడు వారాలకల్లా మీ పేరు ఆయనకు తెలిసిపోతుంది, మీరు ఏ హోంవర్కు ఎగ్గొట్టారో కూడా తెలిసిపోతుంది. మీరు కట్టే ఫీజులో పెద్ద వాటా ఈ దగ్గరితనానికే పోతుంది. దాన్ని వాడుకోకపోతే డబ్బు పోసి కొన్న పుస్తకాన్ని అట్ట కూడా తెరవకుండా పెట్టినట్టే.

ముందు ఈ కాలేజీల సంగతి రెండు ముక్కల్లో. అయోవాలో గ్రినెల్, ఒహాయోలో ఒబెర్లిన్, కాలిఫోర్నియాలో పొమోనా, మిన్నెసోటాలో కార్లటన్, ఆరెగాన్‌లో రీడ్ ఈ కోవలోవి. ఒక్కోదానిలో వెయ్యి నుంచి మూడు వేల మంది. నాలుగేళ్ల డిగ్రీ. ఎమ్మెస్‌లు, పీహెచ్‌డీలు చేసేవాళ్లు దాదాపు ఉండరు. కెమిస్ట్రీ మేజర్ తీసుకున్నా చరిత్ర, సాహిత్యం, ఎకనామిక్స్, ఇంకో భాష లాంటివి కూడా చదవాలి. కొన్నిచోట్ల అది నిబంధన, కొన్నిచోట్ల గట్టి సలహా. మేజర్ ఏదన్నది సాధారణంగా రెండో ఏడాదిలో ప్రకటిస్తే సరిపోతుంది. "ఆర్ట్స్ కాలేజీలో కెమిస్ట్రీ ఏంటమ్మా, బీటెక్ రాలేదా?" అని పెళ్లిలో ఏ పెద్దనాన్నో అడిగితే ఈ కింది కథ చెప్పండి. కాస్త పెద్దదే, కానీ భోజనాల బంతి లేచేలోపు అయిపోతుంది.

కట్టెల కొట్టంలో కొలిమి

1880ల్లో ఒబెర్లిన్‌లో ఫ్రాంక్ ఫానింగ్ జ్యూయెట్ అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్ ఉండేవారు. జర్మనీలోని గోటింగెన్‌లో చదువుకుని వచ్చినవారు. అల్యూమినియంను తొలిసారి విడదీసినవారిలో ఒకరైన వోలర్ అక్కడి ఆచార్యుడు. ఆ లోహం నేలలో ఎక్కడ తవ్వినా ఉంటుంది, ఖనిజం నుంచి బయటికి లాగడమే గగనం. 1884లో వాషింగ్టన్ స్మారక స్తంభం కొనకు మూడు కిలోల లోపు అల్యూమినియం ముక్క తొడిగారు. అప్పట్లో దాని ధర వెండితో పోటీపడేది. దీన్ని చవగ్గా తీసే దారి కనిపెట్టినవాడి పంట పండినట్టేనని జ్యూయెట్ క్లాసులో అన్నారని చెబుతారు. క్లాసంతా విన్నది. చార్లెస్ మార్టిన్ హాల్ అనే కుర్రాడు మాత్రం ఆయన్ని వదల్లేదు. ఆయన ల్యాబులో పనిచేశాడు, సలహాలు అడిగాడు, సామాన్లు అడిగి తెచ్చుకున్నాడు.

1885లో డిగ్రీ చేతికొచ్చింది. హాల్ ఊరు విడిచి పోలేదు. ఇంటిని ఆనుకుని ఉన్న కట్టెల కొట్టంలో కొలిమి పెట్టాడు. బ్యాటరీలు సొంతంగా కట్టుకున్నాడు. చిక్కు ఎక్కడంటే, అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) కరగాలంటే వేడి 2,000 డిగ్రీల సెల్సియస్ దాటాలి. అంత వేడి కొట్టంలో ఎక్కణ్నుంచి వస్తుంది? హాల్ క్రయోలైట్ అనే ఖనిజాన్ని కరిగించి, ఆ ద్రవంలో అల్యూమినాను కలిపాడు. 1,000 డిగ్రీల దగ్గరే పని జరిగింది. కరెంటు పంపాడు. అయినా అల్యూమినియం రాలేదు. మట్టి మూస గోడల్లోని సిలికా కరిగి ద్రవంలోకి దిగి పని చెడగొడుతోందని అతనికి అనుమానం వచ్చింది. మూసకు లోపల కార్బన్ తొడుగు వేశాడు. 1886 ఫిబ్రవరి 23న అడుగున వెండిలా మెరిసే చిన్న చిన్న గోలీలు కనిపించాయి. అతని వయసు 22. వాటిని పట్టుకుని అతను వెళ్లింది జ్యూయెట్ దగ్గరికే.

దీన్ని పట్టుదల కథగా చెప్పి చప్పట్లు కొట్టించడం మన వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాల్లో మామూలే. పట్టుదల ఉన్నవాళ్లు లోకంలో కొల్లలు. నన్ను ఆకట్టుకున్నవి వేరే రెండు సంగతులు. ఒకటి మట్టి మూస. ఫలితం రానప్పుడు మనం మన తెలివినో, మన తలరాతనో అనుమానిస్తాం. హాల్ గిన్నెను అనుమానించాడు. ల్యాబులో బాగుపడేవాళ్లకు ఉండే బుద్ధి ఇది. రెండోది అక్క జూలియా. ఆమె కూడా ఒబెర్లిన్‌లోనే కెమిస్ట్రీ చదివింది. తమ్ముడి ప్రయోగాలు దగ్గరుండి చూసింది. సరిగ్గా అదే ఏడాది ఫ్రాన్స్‌లో పాల్ ఎరూ అనే మరో కుర్రాడు, హాల్ ఈడువాడే, అదే పద్ధతి కనిపెట్టి హాల్ కన్నా ముందే పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. అమెరికాలో తగువు తీరాలంటే ఫిబ్రవరిలోనే పని అయిందని రుజువు కావాలి. ఏ తేదీన ఏం జరిగిందో జూలియా చెప్పగలిగింది, అది పనికొచ్చింది. నోటుబుక్కులో తేదీ వేయడాన్ని చాదస్తం అనుకునేవాళ్లు ఆమెను తలుచుకోవాలి. ఆ పద్ధతిని ఇవాళ ప్రపంచమంతా హాల్–ఎరూ పద్ధతి అంటుంది. మీ ఇంట్లో అటక మీద పాత సత్తుగిన్నె ఏదైనా ఉంటే అదీ ఆ పద్ధతిలో వచ్చిన లోహమే.

తలుపు తీసి ఉన్న గది

హాల్‌కు దొరికిన జ్యూయెట్ మీకూ దొరకొచ్చు. అందుకు ఈ కాలేజీల్లో ఒక ఏర్పాటు ఉంది. ప్రతి ప్రొఫెసరూ వారంలో కొన్ని గంటలు ఆఫీస్ అవర్స్ అని తలుపు తీసి కూర్చుంటారు. ఎవరైనా వెళ్లొచ్చు. మనవాళ్లే వెళ్లరు. స్టాఫ్ రూముకు పిలుపు వచ్చిందంటే ఏదో తప్పు చేసినట్టేనని చిన్నప్పటి నుంచి మన ఒంట్లో ఇంకిపోయింది. అక్కడ లెక్క వేరు. సెమిస్టర్ మొత్తంలో ఒక్కసారీ రాని పిల్లాడి గురించే ఆయన ఆలోచిస్తాడు, వీడికి ఆసక్తి లేదేమోనని.

వెళ్లేటప్పుడు చేతిలో కాగితం ఉండాలి. "చాప్టర్ అర్థం కాలేదు" అంటే ఆయన చాప్టరంతా మళ్లీ చెప్పాలి, మీరు మళ్లీ తల ఊపాలి. అదే "ఆల్కహాల్‌లోంచి ఓహెచ్ గ్రూపు నేరుగా వెళ్లిపోతుందని బాణం వేశాను, ముందు దానికి ప్రోటాన్ తగిలించాలని పుస్తకంలో ఉంది, ఎందుకు?" అని అడిగి చూడండి. ఆయన ముఖం వెలుగుతుంది. ఓహెచ్ అలాగే విడిపోవడానికి మొరాయిస్తుందని, ప్రోటాన్ తగిలితే నీళ్లుగా మారి సులువుగా వెళుతుందని రెండు నిమిషాల్లో తేలిపోతుంది. మిగతా పది నిమిషాల్లో అసలు చదువు మొదలవుతుంది. మీ కాగితం మీద తప్పు బాణం ఉన్నా కొట్టేయకండి. మీరు ఎక్కడ దారి తప్పారో ఆయనకు తెలిసేది దానివల్లే.

పిలుపు గురించి కూడా మనవాళ్లు మథనపడుతుంటారు. కొన్ని కాలేజీల్లో విద్యార్థులు ప్రొఫెసర్లను పేరు పెట్టి పిలుస్తారు. మనకు నోరు రాదు. బలవంతమేమీ లేదు, ప్రొఫెసర్ అని ముందు పెట్టి ఇంటిపేరుతో పిలవండి. పిలుపు తేలక మాటే మానేసిన పిల్లలను ఎరుగుదును, అది మాత్రం వద్దు.

మొదటి సి గ్రేడు

జనరల్ కెమిస్ట్రీ మొదటి నెల మనవాళ్లను మోసం చేస్తుంది. మోల్ కాన్సెప్టు, స్టాయికియోమెట్రీ, గ్యాస్ లాస్ అన్నీ ఇంటర్లో నమిలి మింగినవే. పక్కన కూర్చున్న అమెరికన్ పిల్లలు క్యాలిక్యులేటర్ తీసేలోపు మనవాడు జవాబు చెప్పేస్తాడు. అక్టోబరు దాకా కాలరెగరేస్తాడు. ఆ తర్వాత ప్రశ్న తీరు మారుతుంది. పీహెచ్ ఎంత అని అడగరు. ఈ బఫర్‌లో ఇంత యాసిడ్ పోసినా పీహెచ్ ఎందుకు కదల్లేదు, ఎంత పోస్తే కదులుతుంది, ఒక పేరా రాయమంటారు. ఆప్షన్లు ఉండవు, ఎలిమినేషన్ ట్రిక్కు పనిచేయదు. పేపర్ మీద సి వస్తుంది. తొంభై ఎనిమిది శాతం తెచ్చుకున్న పిల్లాడికి సి.

ఆ రాత్రి నాన్న ఫోన్ చేస్తే "బానే జరుగుతోంది నాన్నా" అంటాడు. ఇక్కడే ఫుల్‌స్టాప్ పెట్టాలి. మీ గ్రేడు మీ అమ్మానాన్నల కన్నా ముందు ప్రొఫెసర్‌కూ, మీ అడ్వైజర్‌కూ తెలుసు. వాళ్ల దగ్గర దాపరికానికి అర్థమే లేదు. పేపర్ పట్టుకుని వెళ్లి, ఏ ప్రశ్నకు ఎలాంటి జవాబు ఆశించారో అడగండి. ఇంటికి కూడా చెప్పేయండి. నాన్న ఒకరోజు ముభావంగా ఉంటారు, అంతే.

ఇలాంటి తడబాటు జెన్నిఫర్ డౌడ్నాకూ తప్పలేదు. ఆమె పొమోనాలో చదివారు, 1985లో డిగ్రీ పట్టా. జనరల్ కెమిస్ట్రీ క్లాసులో ఉన్నప్పుడు తనకు సైన్సు అబ్బదేమోనని ఆమెకు సందేహం వచ్చింది. మేజర్ ఫ్రెంచికి మార్చుకుందామని చూశారు. సైన్సులోనే ఉండమని చెప్పిందెవరో తెలుసా? ఆమె ఫ్రెంచి టీచర్. చిన్న కాలేజీ కాబట్టే సాధ్యమైన మాట అది. భాష చెప్పే టీచర్‌తోనూ కూర్చుని చదువు సంగతి మాట్లాడుకోవచ్చు. 2020లో డౌడ్నాకు కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది.

ఊదారంగు వస్తే ఏం రాస్తారు?

ల్యాబు దగ్గర కాస్త ఆగాలి, అసలు పరీక్ష అక్కడే. ఆస్పిరిన్ తయారీ తీసుకోండి, ఎన్నో కాలేజీల్లో చేయించే ప్రయోగం. సాలిసిలిక్ యాసిడ్, ఎసిటిక్ యాన్‌హైడ్రైడ్, కొన్ని చుక్కల ఫాస్ఫారిక్ యాసిడ్. వేడినీళ్ల తొట్టిలో కాసేపు ఉంచి, నీళ్లు పోసి, ఐసులో పెడతారు. తెల్లటి స్ఫటికాలు దిగాలి. దిగవు. పక్క బెంచీ వాళ్లకు దిగుతాయి, మీకు దిగవు. గాజుకడ్డీతో ఫ్లాస్కు లోపలి గోడను గీకితే ఉన్నట్టుండి మంచు కురిసినట్టు వచ్చేస్తాయి. వడగట్టి, ఆరబెట్టి, సన్నటి గాజుగొట్టంలో కొద్దిగా కూరి మెల్టింగ్ పాయింట్ చూస్తారు. స్వచ్ఛమైన ఆస్పిరిన్‌కు 135 డిగ్రీల దగ్గర ఉండాలి. మీది 126 దగ్గర చెమ్మగిల్లి 131కి పూర్తిగా కరిగింది. ఫెరిక్ క్లోరైడ్ చుక్క వేస్తే ఊదారంగు వచ్చింది. అంటే సాలిసిలిక్ యాసిడ్ ఇంకా మిగిలి ఉంది.

నోటుబుక్కులో ఏం రాస్తారు? 134 అని రాయడానికి చెయ్యి పీకుతుంది. మన ప్రాక్టికల్స్ సంగతి మనకు తెలియంది కాదు. ఏ సాల్ట్ ఇస్తారో ముందే కూపీ లాగి, జవాబు నుంచి వెనక్కి నడుస్తూ టెస్టులు రాసుకొచ్చే చదువు. రికార్డేమో సీనియర్ అక్కది చూసి దించింది. ఈ కాలేజీల్లో 126 నుంచి 131 అని రాసి, కలుషితమైన పదార్థం తక్కువ వేడికే, ఎక్కువ వ్యత్యాసంతో కరుగుతుందని, మళ్లీ స్ఫటికీకరిస్తే ఊదారంగు తగ్గాలని వివరించిన పిల్లకు మంచి మార్కులు పడతాయి. 134 రాసి ఊదారంగు మింగేసినవాడు ఏదో ఒకరోజు దొరుకుతాడు. దొరికితే పోయేది ఒక ల్యాబు మార్కులే కాదు. హావర్‌ఫర్డ్ లాంటి కాలేజీల్లో హానర్ కోడ్ (నిజాయితీ నియమావళి) నడిపేది విద్యార్థులే. కాపలా లేని పరీక్ష హాలు మీద ఆ కాలేజీలకు గర్వం. అలాంటిచోట దొంగలెక్క రాసినవాడిని ముందు నిలదీసేది తోటి పిల్లలే.

నోటుబుక్కు మర్యాదలు మొదటి రోజే పట్టేయండి. పెన్నుతోనే రాయాలి. తప్పు పడితే ఒకే గీత కొట్టాలి, కింద ఏముందో కనబడాలి. వైట్‌నర్ పనికిరాదు. పేజీ చింపకూడదు. చిత్తు కాగితం మీద రాసుకుని హాస్టల్‌కెళ్లి అందంగా ఎక్కించుకునే అలవాటు వదిలేయాలి. మరకలున్నా పర్లేదు.

పనికిరాని సబ్జెక్టులు

"కెమిస్ట్రీ పిల్లాడికి గ్రీకు కావ్యం ఎందుకండీ?" అని అడిగే తండ్రులున్నారు. గ్రినెల్‌లో 1970లో కెమిస్ట్రీ డిగ్రీ తీసుకున్న థామస్ చెక్, హోమర్ ఒడిస్సీ, డాంటే ఇన్ఫెర్నో, రాజ్యాంగ చరిత్ర చదవడంలో తనకు కెమిస్ట్రీతో సమానమైన ఆనందం దొరికిందని తన ఆత్మకథలో చెప్పుకున్నారు. 1989లో సిడ్నీ ఆల్ట్‌మన్‌తో కలిసి ఆయనకు నోబెల్ వచ్చింది. ఆర్‌ఎన్‌ఏ సమాచారాన్ని మోయడమే కాదు, ఎంజైములా పని కూడా చేస్తుందని చూపినందుకు. తర్వాత ఆయన కొలరాడో ల్యాబులోనే డౌడ్నా కొన్నేళ్లు పనిచేశారు. ఇద్దరూ చిన్న కాలేజీల పంటే. అన్నట్టు, చెక్‌కు కాబోయే భార్య పరిచయమైందీ కాలేజీ ల్యాబులోనే, మెల్టింగ్ పాయింట్ చూసే యంత్రం దగ్గర. అది సిలబస్‌లో లేదు లెండి.

కావ్యం చదివితే నోబెల్ వస్తుందని నేననడం లేదు. ఆ క్లాసుల్లో వారం వారం వ్యాసం రాయిస్తారు, రాసింది దిద్ది తిరిగి రాయిస్తారు. నాలుగేళ్ల తర్వాత రీసెర్చి పేపర్ రాయడానికి కూర్చున్నప్పుడు, నీ ఫలితానికి అర్థమేంటో నాలుగు వాక్యాల్లో చెప్పమని ఎవరైనా అడిగినప్పుడు అది అక్కరకొస్తుంది. మనవాళ్ల ల్యాబు రిపోర్టుల్లో లెక్క బాగుంటుంది, డిస్కషన్ దగ్గర కలం ఆగిపోతుంది. కాబట్టి సులువుగా గట్టెక్కే కోర్సు ఏదని సీనియర్లను అడగడం మానేసి, రాత ఎక్కువుండే కోర్సు ఏదని అడగండి.

రీసెర్చి ఎవరు చేస్తారు?

పెద్ద యూనివర్సిటీలో ప్రొఫెసర్ కింద పీహెచ్‌డీ విద్యార్థులుంటారు, డిగ్రీ పిల్లల వంతు చివర్లో వస్తుంది. చిన్న కాలేజీలో పీహెచ్‌డీ వాళ్లు దాదాపు ఉండరు కాబట్టి ప్రొఫెసర్ రీసెర్చికి చేతులు మీవే. ఇది పాత పద్ధతే. మసాచుసెట్స్‌లోని మౌంట్ హోల్యోక్ అనే మహిళా కాలేజీలో ఎమ్మా పెరీ కార్ 20వ శతాబ్దం తొలి దశకాల్లోనే విద్యార్థినులతో కలిసి అతినీలలోహిత కిరణాల స్పెక్ట్రోస్కోపీ మీద పరిశోధన నడిపారు. 1937లో అమెరికన్ కెమికల్ సొసైటీ తొలి గార్వన్ పతకం ఆమెకే ఇచ్చింది. రీడ్ కాలేజీలోనైతే 1968 నుంచి చిన్న అణు రియాక్టరే ఉంది. దాన్ని నడిపేవాళ్లలో ఎక్కువమంది డిగ్రీ విద్యార్థులు, ప్రభుత్వ లైసెన్సు పరీక్ష పాసైనవాళ్లు.

వేసవి ప్రాజెక్టు కావాలంటే వేసవిలో అడిగితే కుదరదు. చలికాలం సెలవులు కాగానే, ప్రొఫెసర్ రాసిన ఒక పేపర్ తిప్పి చూసి, అందులో అర్థమైన ఒక సంగతీ అర్థంకాని ఒక సంగతీ రాసి మెయిల్ పెట్టండి. ఇంకో హెచ్చరిక. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో నడిచే ఆర్‌ఈయూ అనే వేసవి రీసెర్చి ప్రోగ్రాములు అమెరికా పౌరులకూ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ ఉద్దేశించినవి. స్టూడెంట్ వీసా మీద వెళ్లిన మన పిల్లలు వాటి మీద ఆశ పెట్టుకుని కాలేజీ సొంత నిధులతో ఇచ్చే ప్రాజెక్టుల గడువు పోగొట్టుకుంటుంటారు.

ఈ కాలేజీల చరిత్రంతా పూలబాట అనుకోకండి. పెర్సీ జూలియన్ అనే నల్లజాతి యువకుడు, బానిసల మనవడు, ఇండియానాలోని డిపా యూనివర్సిటీలో (పేరు యూనివర్సిటీయే, తీరు ఈ కాలేజీలదే) 1920లో క్లాసు ఫస్టుగా నిలిచాడు. పీహెచ్‌డీ చేసి మళ్లీ అక్కడికే వచ్చాడు. అప్పట్లో గ్లాకోమాకు వాడిన ఫిజోస్టిగ్మిన్‌ను 1935లో జోసెఫ్ పిక్ల్‌తో కలిసి కృత్రిమంగా తయారుచేశాడు, ఆక్స్‌ఫర్డ్‌లో పేరుమోసిన బృందాన్ని తప్పుబట్టి మరీ గెలిచాడు. అంత చేసినా రంగు కారణంగా కాలేజీ అతనికి ప్రొఫెసర్ పదవి ఇవ్వలేదు. అతను పరిశ్రమలోకి వెళ్లి అక్కడా నెగ్గాడు. తప్పు తన తెలివిది కాదని అతనికి తెలుసు. మీకూ ఎప్పుడైనా ఒక తలుపు మూసుకోవచ్చు. అది మీ పని చూసి మూశారా, మీ మొహం చూసి మూశారా అన్నది తేల్చుకుని పక్క తలుపుకు వెళ్లాలి.

చేరేముందు

చిన్న కాలేజీకి చిన్న కాలేజీ కష్టాలుంటాయి. పై కోర్సులు కొన్ని ఏడాది విడిచి ఏడాది ఉంటాయి. ఫిజికల్ కెమిస్ట్రీకి ముందు క్యాలిక్యులస్, ఫిజిక్స్ అయిపోవాలి, మొదటి ఏడాది బద్ధకిస్తే మూడో ఏడాది చిక్కులో పడతారు. నాలుగేళ్ల పట్టిక మొదటి సెమిస్టర్‌లోనే అడ్వైజర్‌తో కూర్చుని గీసుకోండి. ఖర్చు సంగతి ఇంట్లో నిక్కచ్చిగా మాట్లాడుకోవాలి. యాంహర్స్ట్ లాంటి కొన్ని కాలేజీలు విదేశీ విద్యార్థి ఫీజుసాయం అడిగాడన్న కారణంతో సీటు నిరాకరించవు, కానీ అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. డిగ్రీ తర్వాత కెమిస్ట్రీ పీహెచ్‌డీకి అమెరికాలో సాధారణంగా ఫీజు మాఫీ, స్టైపెండు ఉంటాయన్నది ఊరట. ఆ సీటుకు కావలసిన సిఫారసు ఉత్తరం, మీరు ఫ్లాస్కు పగలగొట్టిన రోజు కూడా చూసిన ప్రొఫెసర్ రాస్తే దాని బరువే వేరు.

కాలేజీ ఎంచుకునేటప్పుడు ర్యాంకుల పట్టిక పక్కన పెట్టి కొన్ని ప్రశ్నలు అడగండి. ఎన్‌ఎంఆర్ యంత్రాన్ని రెండో ఏడాది పిల్లలు సొంతంగా నడుపుతారా, లేక ప్రింటవుట్ చేతికిస్తారా? కిందటి వేసవిలో డిపార్ట్‌మెంట్‌లో ఎంతమంది రీసెర్చి చేశారు, అందులో విదేశీయులు ఎందరు? ఫిజికల్ కెమిస్ట్రీ ప్రతి ఏడాదీ ఉంటుందా? రాత్రి ఎనిమిదికి కెమిస్ట్రీ బిల్డింగులో ఎవరైనా ఉంటారా? ఈ ప్రశ్నలు అడ్మిషన్స్ ఆఫీసుకు పంపితే రంగుల బ్రోచర్ వస్తుంది. అక్కడ మూడో ఏడాది కెమిస్ట్రీ చదువుతున్న పిల్లనో పిల్లాణ్నో వెతికి వాళ్లకు పంపండి.